ధనికుడైన యాకోబు కట్టించిన బీదల ఇండ్లు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 19:31–39, యాకోబు 1:27, యాకోబు 5:1–6



గిలాదీయుడైన బర్జిల్లయి సంగతి మీరు ఎరిగినదే. దావీదు రాజు తన కుమారుడైన అబ్షాలోము చేతిలోనుండి తప్పించుకొని యొర్దాను దాటి మహనయీములో తలదాచుకొన్నప్పుడు, ఈ వృద్ధుడు రాజునకును ఆయన వెంటనున్న జనులకును పడకలు, పాత్రలు, ధాన్యము పంపి పోషించెను. తిరుగుబాటు అణగి రాజు ఇంటిదారి పట్టినప్పుడు ఏటివరకు వచ్చి సాగనంపెను. రాజు కృతజ్ఞత గలవాడై అతనిని యెరూషలేమునకు రమ్మని పిలిచెను. బర్జిల్లయి ఒప్పుకొనలేదు. అప్పటికతనికి ఎనుబది యేండ్లు. నాలుకకు రుచి పోయినది, చెవికి పాట వినబడదు, ఇట్టివాడు రాజనగరులో ఉండి రాజునకు భారమగుట యెందుకని తలంచెను. తన ఊరిలో, తన తలిదండ్రులను పాతిపెట్టిన చోట కన్నుమూయుటకు సెలవడిగి వెళ్లిపోయెను.

మనము ఈ భాగమును ప్రసంగించునప్పుడు బర్జిల్లయి ఔదార్యమును గూర్చి చాలసేపు చెప్పి, అతడు రాజనగరును వద్దన్న సంగతిని త్వరగా దాటిపోవుచుందుము. అది దాటిపోవలసిన సంగతి కాదు. ఎరిగిన గడప, ఎరిగిన వీధి, పిలిచిన పలుకు పొరుగువారు రాజభోజనముకంటె ఎక్కువని ఆ వృద్ధునికి తెలియును. రాజు కూడ దానికి నొచ్చుకొనక ముద్దుపెట్టుకొని దీవించి పంపెను.

అయితే బర్జిల్లయి ఆస్తిపరుడు. తిరిగి వెళ్లుటకు అతనికి ఇల్లు గలదు. ఇల్లు లేని ముసలివారి మాట యేమి? యౌవనమంతయు కూలిపనిలో గడిపి, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు అద్దె కట్టలేక సామాను వీధిని పెట్టుకొను విధవరాలి మాట యేమి? ఈ ప్రశ్నకు 500 సంవత్సరముల క్రిందట జర్మనీ దేశములో ఒక మనుష్యుడు ఇటుకలతోను సున్నముతోను ఇచ్చిన జవాబు నేటివరకు నిలిచియున్నది. అతని చరిత్రను ఈ నెల మీకు చెప్పగోరుచున్నాను. అతడు మన పక్షమువాడు కాడు. మార్టిన్ లూథరుగారు అతని వంశమును పేరుపెట్టి గద్దించిరి. కావున దీనిని కొంచెము ఓపికతో చదువవలెను.

అతని పేరు యాకోబు ఫుగ్గరు, ఊరు ఆగ్స్‌బర్గు. లూథరు సంఘములలో పెరిగిన వారికి ఈ ఊరి పేరు క్రొత్తది కాదు. 1530లో మన విశ్వాసపు ఒప్పుకోలును అయిదవ చార్లెసు చక్రవర్తి యెదుట చదివి వినిపించినది ఆ పట్టణములోనే. యాకోబు ఫుగ్గరు అంతకు అయిదేండ్లకు ముందే, 1525 డిసెంబరు 30న మరణించెను. పుట్టినది 1459 మార్చి 6న. అతనిని లోకము నేటికిని ధనికుడైన యాకోబు అని పిలుచును. ఆ కాలమున ఐరోపాలో అతనికి మించిన షావుకారు లేడు.

ఇంత ధనము ఎక్కడనుండి వచ్చినది? మొదట మగ్గము నుండి. అతని తాత హాన్సు ఫుగ్గరు గ్రాబెన్ అను పల్లెలోని నేతపనివాడు. 1367లో బ్రదుకు తెరువు వెదకుకొనుచు ఆగ్స్‌బర్గునకు వచ్చెను. పట్టణపు పన్ను పుస్తకములో అతడు వచ్చిన సంగతి ఒక్క ముక్కలో వ్రాసియున్నది. నేయుట, నేసినది అమ్ముట, ఇతరులు నేసినది కొని అమ్ముట, ఈ విధముగా ఆ కుటుంబము వర్తకములో దిగెను. యాకోబునకు పదియేండ్లప్పుడు, 1469లో తండ్రి చనిపోయెను. తల్లి బర్బరా ఇల్లునిండ పిల్లలుండగా వ్యాపారమును చెదరనీయక 1497లో తాను చనిపోవువరకు ఇంటికి పెద్దదిక్కుగా నిలిచెను. చరిత్రకారులు కుమారుని ధనమును గూర్చి పుస్తకములు వ్రాసిరి గాని ఈ విధవరాలిని గూర్చి వ్రాసినది తక్కువ. సామెతల గ్రంథము చివరి అధ్యాయమును చదువునప్పుడు ఇట్టి స్త్రీని తలంచుకొనుట తప్పు కాదు.

యాకోబు బాల్యములోనే ఇటలీలోని వెనిసు పట్టణమునకు వెళ్లి, అక్కడ జర్మను వర్తకులుండు సత్రములో వ్యాపారమును, లెక్కలు వ్రాయు పద్ధతిని నేర్చుకొనెను. ఇంటికి వచ్చి అన్నలైన ఉల్రికు, గెయోర్గులతో కలిసి పని ఆరంభించెను. అతని వ్యాపారపు కిటుకు ఇది: రాజులకు అప్పిచ్చును, రొక్కము బదులు గనులలో దొరకు లోహమును పుచ్చుకొనును. తిరోలు దేశపు ప్రభువు సిగిస్మండు చేసిన అప్పునకు వెండి గనుల రాబడి ఇతని చేతికి వచ్చెను. హంగేరీ దేశపు రాగి గనులను తుర్జో అను కుటుంబముతో కలిసి నడిపించెను. ఆ రాగి ఆంట్వెర్పు, లిస్బను రేవులు చేరి, పోర్చుగీసువారి ఓడలలో మన మలబారు తీరమువరకు వచ్చి మిరియములకు మారకము పోయెను. 1505లో లిస్బను నుండి మన దేశమునకు బయలుదేరిన ఓడలలో ఇతర జర్మను వర్తకులతో పాటు ఫుగ్గరులు కూడ సొమ్ము పెట్టిరి.

1498లో అతడు సిబిల్లా ఆర్జ్ట్ అను కన్యను వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. మాక్సిమిలియను చక్రవర్తికి యుద్ధములకును పెండ్లిండ్లకును డబ్బు కావలసి వచ్చినప్పుడెల్ల ఫుగ్గరు గుమ్మమే దిక్కు. అందునకు ప్రతిగా నేతపనివాని మనుమడు 1511లో కులీనుడయ్యెను, 1514లో ప్రభు పదవి పొందెను. 1519లో మాక్సిమిలియను చనిపోగా అతని మనుమడైన చార్లెసును చక్రవర్తిగా ఎన్నుకొనుటకు ఓటు హక్కు గల ప్రభువులకు ఎనిమిది లక్షల గుల్డెన్లకు పైగా పంచిరి. అందులో అయిదు లక్షల నలుబది వేలకు పైగా ఫుగ్గరు ఇచ్చినదే. గుల్డెను అనగా ఆనాటి బంగారు నాణెము. నాలుగేండ్ల తరువాత చక్రవర్తి అప్పు మరచినట్లు కనబడగా, యాకోబు ఒక ఉత్తరము వ్రాసి, తన సహాయము లేనియెడల ఆ కిరీటము దొరకకపోయెడిదని జ్ఞాపకము చేసెను. చక్రవర్తికి అట్లు వ్రాయగల వర్తకుడు ఆనాడు మరియొకడు లేడు.

ఇక మన సంఘ చరిత్రకు తగులు సంగతి. బ్రాండెన్‌బర్గు వంశపు ఆల్బ్రెక్టు అను యువకుడు 1514లో మైంజు పట్టణపు ఆర్చిబిషప్పు పదవికి ఎన్నికయ్యెను. అప్పటికే అతనికి వేరు పదవులుండెను గనుక రోముకు చెల్లించవలసిన సుంకము పెద్దది. ఆ డబ్బు ఫుగ్గరు అప్పిచ్చెను. అప్పు తీరు మార్గమేది? పాపపరిహార పత్రముల అమ్మకము. వచ్చిన డబ్బులో సగము రోములోని పేతురు దేవాలయపు కట్టడమునకు, సగము ఫుగ్గరు అప్పునకు అని ఏర్పాటు. టెట్జెలు అను సన్యాసి ఊరూర తిరిగి పత్రములు అమ్ముచుండగా, పెట్టెలో పడిన డబ్బు లెక్కచూచుటకు ఫుగ్గరు గుమాస్తా వెంట తిరిగెను. దానిని సహింపలేకయే 1517 అక్టోబరు 31న లూథరుగారు తమ తొంబదియైదు వాదములను బయలుపరచిరి. ప్రతి సంవత్సరము ఆ దినమును మనము ఆచరించుచున్నాము గాని, ఆ డబ్బుపెట్టె వెనుక నిలిచిన షావుకారును తలంచువారు కొద్దిమంది.

మరుసటి సంవత్సరము అక్టోబరులో లూథరుగారిని ఆగ్స్‌బర్గునకు పిలిపించి కజెటాను కార్డినలు విచారణ చేసెను. ఆ విచారణ జరిగినది యాకోబు ఫుగ్గరు మేడలోనే. లూథరుగారు ఆ దినములలో ఆ ఊరి పరిశుద్ధ అన్న మఠములో బస చేసిరి. ఈ మఠము పేరు జ్ఞాపకముంచుకొనుడి. 1520లో లూథరుగారు జర్మను ప్రభువులకు వ్రాసిన గ్రంథములో ఫుగ్గరుల వంటి వర్తక సంఘములకు కళ్లెము వేయవలెనని గట్టిగా చెప్పిరి.

అంతకంటె నొప్పిగల సంగతి మరియొకటున్నది. 1524, 1525 సంవత్సరములలో జర్మనీలోని రైతులు తమ ప్రభువులపై లేచిరి. దాస్యమునుండి విడుదల, అడవిలో కట్టెలు కొట్టుకొను హక్కు, తమ పాదిరిని తామే ఎన్నుకొను హక్కు వారు కోరిన వాటిలో కొన్ని. వారిని అణచుటకు స్వాబియను కూటమి పంపిన సైన్యమునకు ఫుగ్గరు డబ్బిచ్చెను. వేలకొలది రైతులు నరకబడిరి. ఆ సంవత్సరము లూథరుగారి కలము కూడ రైతులకు విరోధముగా కఠినముగా నడచినదని ఒప్పుకొనవలెను. భూమి దున్నుకొని బ్రదుకు మనబోటి పల్లె సంఘములవారు ఈ సంగతిని కప్పిపుచ్చక తెలిసికొనుట మంచిది. కూలివారి మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని పడినదని యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము ధనికులను హెచ్చరించుచున్నది గదా. లూథరుగారికి ఈ పత్రికమీద అంత మక్కువ లేదు. 1522లో దానిని గడ్డితో పోల్చిరి. అయినను ధనికుడైన యాకోబునకు చదివి వినిపింపదగిన పత్రిక ఆ యాకోబు పత్రికయే.

ఇట్టి మనుష్యుడే ఆ ఇండ్లను కట్టించెను.

మైంజు అప్పు జరిగిన 1514వ సంవత్సరములోనే అతడు పట్టణపు ప్రక్కనున్న యాకోబు పేటలో స్థలము కొనెను. 1516 మొదలుకొని తోమాసు క్రెబ్సు అను మేస్త్రీ ఇండ్లు కట్టెను. 1521 ఆగస్టు 23న యాకోబు తన పేరనుండి, అప్పటికే చనిపోయిన తన ఇద్దరు అన్నల పేరనుండి దానపత్రము వ్రాయించెను. 1523 నాటికి 52 ఇండ్లు లేచినవి. జనులు ఆ స్థలమును ఫుగ్గరై అని పిలిచిరి. నేటికిని అదే పేరు.

ఆ ఇండ్ల ఏర్పాటును కొంచెము వివరముగా చెప్పనిండు, ఈ చరిత్రలో సారమంతయు అక్కడనే యున్నది. ఆ కాలపు పట్టణములలో దిక్కులేని ముసలివారికి ఆసుపత్రి అనబడు ధర్మశాలలుండెను. పెద్ద గది, వరుసగా మంచములు, గంట కొట్టినప్పుడు భోజనము, గంట కొట్టినప్పుడు పడక. ఆకలి తీరును గాని ఆ మనుష్యునిది అని చెప్పుకొనుటకు ఒక గోడ లేదు. ఫుగ్గరు అట్టి శాలను కట్టలేదు. వీధులు తీసి వరుస ఇండ్లు కట్టెను. ప్రతి ఇంటిలో క్రింద ఒక వాటా, మీద ఒక వాటా. ప్రతి వాటాకు వంటయిల్లు, కూర్చుండు గది, పడకగది. వైశాల్యము సుమారు 60 చదరపు మీటర్లు, అనగా మన లెక్కలో 70 గజములు దాటును. మీద వాటావారును క్రింది వాటావారిని దాటి పోనక్కరలేకుండ, ఇద్దరికిని వీధిలోనికి వేరువేరు తలుపులు పెట్టిరి. క్రింది వాటాకు పెరటి తోట, మీద వాటాకు అటుక.

వేరు తలుపు అనునది చిన్న సంగతిగా తోచవచ్చును. తలుపు తనది కానివారిని అడిగి చూడుడి. మన పల్లెలలో కుమారుల మధ్య నెలకొక యింట వంతు తిను తల్లులున్నారు. వారికి అన్నము లోపము లేకపోవచ్చును. ఏ ఇంటి తలుపు తాను తీయవచ్చునో, ఎవరి పొయ్యిమీద తాను నీళ్లు కాచుకొనవచ్చునో తెలియక మంచము అంచున కూర్చుండు ముసలమ్మ ముఖమును, పరామర్శకు వెళ్లు ప్రతి పాదిరియు చూచియేయుండును. ఫుగ్గరై ముసలమ్మ తన తలుపునకు తానే తాళము వేసికొనును.

అక్కడి గంట లాగు ఇనుప కమ్ములను గూర్చి కూడ చెప్పవలెను. ప్రతి తలుపు ప్రక్కను ఒక్కొక్క రూపముగల కమ్మి వ్రేలాడుచుండును. ఒకటి ఆకు వలె, ఒకటి ఉంగరము వలె, మరియొకటి వేరొక తీరున. వీధి దీపములు లేని రాత్రులలో ఇంటికి వచ్చినవారు చేతితో తడిమి తమ తలుపును గుర్తుపట్టుటకు అట్లు పెట్టిరని చెప్పుదురు. ఒకే పోలిక ఇండ్లలో చూపు మందగించిన ముసలివారికి ఇది ఎంత మేలో ఊహించుకొనుడి.

అద్దె సంవత్సరమునకు ఒక రైను గుల్డెను. నెలకు కాదు, సంవత్సరమునకు. ఆ అద్దె పెరుగలేదు. నాణెములు మారినవి, రాజ్యములు మారినవి, జర్మనీలో ధరలు ఆకాశమునకు ఎగిరిన దినములు వచ్చినవి. అద్దె మాత్రము నేటి ఐరోపా నాణెములో 88 సెంట్లు. మన డబ్బులో నూరు రూపాయలు కాదు. దీపమునకు, నీటికి, చలికాలపు వేడికి అగు ఖర్చు వేరుగా కట్టుకొనవలెను. ముసలితనములో రాబడి తగ్గును, అద్దె పెరుగును. పట్టణములలో బీదవృద్ధులను ఇల్లు వదిలించునది ఎక్కువగా ఈ రెంటి నడిమి ఎడమే. యాకోబు షావుకారు గనుక ఆ ఎడము ఎక్కడ పుట్టునో లెక్కలు తెలిసినవాడు. అద్దెను కదలకుండ మేకు కొట్టి పెట్టెను.

అయినను ఉచితముగా ఇయ్యలేదు. ఒక గుల్డెనైనను చెల్లించువాడు అద్దెదారుడు, భిక్షగాడు కాడు. దానపత్రములో కూడ ఆ ఇండ్లు ఊరిలోని పనివారికిని కూలివారికిని, కష్టమువచ్చినను వీధిలో చేయి చాపని బీదలకును అని ఏర్పరచెను. మొదటి దినములలో పిల్లలుగల కుటుంబములు ఎక్కువగా కాపురముండిరి. ఆ ఇండ్లలో బ్రదికినవారిలో ఫ్రాంజు మోజార్టు అను తాపీపనివాడు ఒకడు; 1681 నుండి 1694లో చనిపోవువరకు అక్కడనే యుండెను. పేరుపొందిన సంగీత విద్వాంసుడైన మోజార్టునకు అతడు ముత్తాత.

అద్దెతో పాటు మరియొక నియమమున్నది. ప్రతి కాపురస్థుడు దినమునకు మూడు ప్రార్థనలు, అనగా పరలోక ప్రార్థన, మరియమ్మ జపము, విశ్వాస ప్రమాణము, దానము చేసినవాని ఆత్మ కొరకును అతని కుటుంబము కొరకును చెప్పవలెను. ఇక్కడ మనము ఆగవలసియున్నది. చనిపోయినవాని ఆత్మకు ఇతరుల జపములు లాభము తెచ్చునని మన సంఘము బోధింపదు. క్రీస్తు రక్తము చేసిన పనికి ఇటుకలు చేర్చవలసిన అవసరము లేదు. పాపపరిహార పత్రములు అమ్మించి అప్పు రాబట్టుకొన్న చేతితోనే యాకోబు తన ఆత్మకొరకు బీదల జపములను అద్దెలో కలిపి వ్రాయించెను. అతని లెక్కల పుస్తకములలో ఆ ఊరి పునీతుడైన ఉల్రికు పేరనే దానధర్మములకు ఒక ఖాతా యుండెనట. దేవునితో కూడ ఖాతా నడుపు మనస్సు అది. నేను దానిని మెచ్చుకొనలేను.

అయితే ఆ ఇండ్లు మంచివని చెప్పుటకు నేను వెనుదీయను. ఆ గోడలను నిలబెట్టిన వెండిలో గనిపనివారి చెమట ఉన్నది, పాపపరిహార పత్రములు కొన్న అమాయకుల కాసులున్నవి. అవి బీదలయొద్దనుండి వచ్చినవి. కొంతభాగము తిరిగి బీదలకే గోడలై చేరినది. అతని ఆస్తి 1527లో లెక్క కట్టినప్పుడు ఇరువది లక్షల గుల్డెన్లు దాటినది. ఆ రాశిలో ఫుగ్గరై చిన్న ముక్క. జక్కయ్య సగము ఆస్తి ఇచ్చెను, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లించెదననెను. ధనికుడైన యాకోబు అట్లు చేయలేదు. అతనిని జక్కయ్య ప్రక్కన నిలువబెట్టుట సరికాదు. ఇచ్చినంతవరకు మాత్రము, ఇచ్చుట ఎట్లో ఎరిగి ఇచ్చెను.

ఎరిగి ఇచ్చెనని ఎందుకు అనుచున్నానో వినుడి. అతని తరువాత వ్యాపారము అన్న కుమారుడైన ఆంటోనునకు వచ్చెను. కొంతకాలము మరింత పెరిగెను. పిమ్మట రాజులు అప్పులు ఎగవేయగా క్షీణించి 17వ శతాబ్దములో మూతపడెను. ఇండ్లు మూతపడలేదు. వాటిని వ్యాపారమునకు వేరుగా, ఎవరును అమ్ముకొనలేని ధర్మముగా వ్రాసి పెట్టెను గనుక నిలిచినవి. తరువాతి కాలమున కుటుంబపువారు ఆ ధర్మపు సొమ్మును అడవులలో పెట్టిరి. చెట్లు పెరుగును, కొన్ని కొట్టి అమ్ముదురు, మరల నాటుదురు. నేటికిని ఫుగ్గరై ఖర్చులో ఎక్కువ భాగము ఆ అడవులే భరించుచున్నవి. చూడవచ్చువారు చెల్లించు ప్రవేశ రుసుము కొంత తోడగును. వడ్డీ పడిపోయినను, బ్యాంకు మునిగినను చెట్టు పెరుగుట మానదని మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆపదలు రాలేదని కాదు. ముప్పది సంవత్సరముల యుద్ధములో, 1632లో స్వీడను రాజు గుస్తావు అడాల్ఫు సైన్యము ఆగ్స్‌బర్గులో ప్రవేశించెను. అది ప్రొటెస్టంటు సైన్యము. ఆ యుద్ధ దినములలో ఫుగ్గరై ఇండ్లు చాల పాడైనవి. మనవారి చేతిలో బీదల ఇండ్లు కూలినవి అని చదువునప్పుడు తల వంచుకొనవలసియున్నది. తరువాత బాగుచేసిరి. రెండవ ప్రపంచ యుద్ధములో 1944 ఫిబ్రవరి 25వ తేది రాత్రి విమానములు కురిపించిన బాంబులకు ఫుగ్గరైలో ఎక్కువ భాగము కాలి కూలిపోయెను. కాపురస్థులు నేలలోపల కట్టిన ఆశ్రయములో దూరి ప్రాణములు దక్కించుకొనిరి. యుద్ధము ఇంకను ముగియలేదు, ఊరు పొగలో నున్నది. అయినను కుటుంబపువారు కొద్ది దినములలోనే తిరిగి కట్టుటకు తీర్మానించిరి. శాంతి వచ్చిన తరువాత పాత తీరుననే కట్టి, ప్రక్క స్థలములు కూడ చేర్చి పెంచిరి.

ఇప్పుడక్కడ 67 ఇండ్లు, సుమారు 140 వాటాలు, సుమారు 150 మంది కాపురస్థులు. వారిలో వృద్ధులు అనేకులు. ఒంటరి స్త్రీలు, కొద్దిపాటి పింఛనుతో బ్రదుకువారు, జీవితములో దెబ్బతిని వచ్చినవారు. ఆ ఊరివారై యుండవలెను, నిజముగా అవసరములో నుండవలెను, కతోలికులై యుండవలెను. ఈ చివరి నియమము నేటికిని గలదు గనుక మన పక్షపు విధవరాలికి అక్కడ చోటు లేదు. దానము చేసినవాడు కోరిన ప్రార్థనలనుబట్టి ఆ నియమము నిలిచినదని అర్థము చేసికొనవచ్చును. ఆకలి, ముసలితనము, చలి మాత్రము ఎవరి బాప్తిస్మపు పత్రమును అడుగవు.

చేతనైనవారు చిన్న చిన్న పనులు చేయుదురు. ఒకరు గుడి చూచుకొందురు, ఒకరు తోటపని, ఒకరు రాత్రి గేటు కావలి. రాత్రి పది గంటలకు గేట్లు మూయుదురు. ఆలస్యముగా వచ్చినవారు కావలివానికి అర యూరో ఇచ్చి లోపలికి రావలెను, అర్ధరాత్రి దాటినచో ఒక యూరో. అద్దెకంటె ఆలస్యమే ప్రియము! కావలివాడును కాపురస్థుడే, ఆలస్యముగా వచ్చు ముసలాయన ఎవరో అతనికి తెలియును. ఒకనాడు కిటికీ తెర తీయకపోతే ఎదుటి ఇంటివారికి అనుమానము కలుగును. ఇట్టి పొరుగును ఏ దానపత్రములోను వ్రాసి పెట్టలేము, వీధిని ఇరుకుగా కట్టి తలుపులను ఎదురెదురుగా పెట్టి అది పుట్టుటకు చోటిచ్చుట మాత్రము మేస్త్రీ చేయగలడు. తోమాసు క్రెబ్సు దానిని చేసెను.

ఇల్లు ఉన్నంతమాత్రమున ముసలితనపు కష్టములన్నియు తీరునని నేననను. మీద వాటా మెట్లు మోకాళ్లు పట్టినవారికి కొండవంటివి. మంచము పట్టినవారికి చేయందించువారు కావలెను. యాకోబు పత్రిక మొదటి అధ్యాయము దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించుమని చెప్పుచున్నది. పరామర్శకు వెళ్లుటకు ఆమెకు ఒక ఇల్లు ఉండవలెను గదా. ఆ ఇల్లు ఆమె పేరుతో పిలువబడునదై, ఆమె తలుపు తీసి లోపలికి రమ్మనునదై యుండినయెడల వెళ్లిన పెద్దలు అతిథులగుదురు. ఆమె కుర్చీ వేయును, మంచినీళ్లు ఇచ్చును.

యాకోబు ఫుగ్గరు సమాధి మాట చెప్పి ముగించెదను. అతడు బ్రదికియుండగానే, అన్నయైన ఉల్రికుతో కలిసి, లూథరుగారు బస చేసిన ఆ పరిశుద్ధ అన్న మఠపు దేవాలయములో పడమటి చివరను తమ కుటుంబమునకు సమాధి మందిరము కట్టించుకొనెను. 1525 క్రిస్మసునాడు ఆ దేవాలయములో, మతసంస్కరణను అంగీకరించినవారు మొదటిసారి రొట్టెను ద్రాక్షారసమును రెంటిని పుచ్చుకొని ప్రభువు బల్లలో పాలుపొందిరి. అయిదు దినములకు యాకోబు చనిపోయెను. అతనిని తెచ్చి అక్కడనే పాతిపెట్టిరి. ఆ దేవాలయము నేడు లూథరు సంఘమువారిది. ప్రతి ఆదివారము వారు ఆరాధనకు కూడుకొనునప్పుడు ఒక చివర బల్ల, మరియొక చివర ధనికుడైన యాకోబు సమాధి. ఆ మందిరపు పోషణ ఖర్చు ఫుగ్గరు కుటుంబపు ధర్మసంస్థ భరించుచున్నది. ఆ ఊరిలోనే, కొంచెము దూరములో, అతని వీధులలోని ముసలివారు తమ తమ తలుపులు వేసికొని అతని పేర మూడు ప్రార్థనలు చెప్పి నిద్రపోవుదురు.